మా జేజి బొటనవేలు

"పల్లెటూళ్ళో బతికిన మీ అవ్వనో, నాయనమ్మనో తలచుకుంటే ముందుగా మీకు గుర్తొచ్చేది ఏమిటి? ఆమె బతుకు గురించి చెప్పగలరా?" అని అడిగారు.

చాలామంది ముఖం అంటారు, చేతివంట అంటారు. నాకైతే మా జేజి కుడిచేతి బొటనవేలు గుర్తొస్తుంది.

జేజి అంటే మా వైపు నాయన వాళ్ళమ్మ. కదిరి దగ్గర ఒక పల్లె మాది. అప్పట్లో అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చాం. జేజి 2019లోనే పోయింది కాబట్టి ఆమె లెక్క ప్రకారం మేం ఇంకా అనంతపురం వాళ్ళమే.

ఆ వేలి కొస వెడల్పుగా, కాస్త చప్పిడిగా ఉండేది. గోరు మందంగా, పసుపుపచ్చగా, ఒక పక్కకు ఒరిగి ఉండేది. వేలి మీది చర్మం ఏటి గులకరాయిలా నున్నగా ఉండేది. ఒక్క గీత లేదు. చిన్నప్పుడు ఆ వేలు పట్టుకునే నిద్రపోయేదాన్ని, అందుకే కళ్ళు మూసుకున్నా చెప్పగలను.

ఆ వేలిని అట్లా చేసింది చెనక్కాయలు. వేరుశనగను మేం చెనక్కాయ అంటాం. మా అనంతపురం వైపు ఏడాదికి పడే వాన అంతా కలిపి ఐదొందల యాభై మిల్లీమీటర్ల చిల్లర. అందులో పండేదీ, పండకపోయినా మళ్ళీ వేసేదీ అదే పంట. ఎకరాకు నలభై యాభై కిలోల విత్తనం కావాలి. మాకు ఐదెకరాలు. అంటే రెండు క్వింటాళ్ళ పైచిలుకు గింజ, దానికి దాదాపు మూడు క్వింటాళ్ళ కాయ వలవాలి. నూనె మిల్లుకు పోయే కాయనైతే మిషనులో ఆడిస్తారు. విత్తనాన్ని అట్లా ఆడిస్తే గింజ బద్దలవుతుంది, పైపొర లేచిపోతుంది, మొలక తగ్గుతుంది. అందుకని చేత్తోనే వలవాలి. రోహిణి కార్తె వచ్చిందంటే ఊళ్ళో ప్రతి అరుగు మీదా ఇదే పని.

రాత్రి కాయల మీద నీళ్ళు చిలకరించి గోనెపట్టా కప్పి పెట్టేది జేజి. పొద్దునకు పొట్టు కాస్త మెత్తబడుతుంది. కాయను నిలువుగా పట్టి, కొసన బొటనవేలితో ఒక్క నొక్కు. టప్‌మని పగులుతుంది. లోపలి గింజలు చాటలోకి, పొట్టు పక్కకు. చూపు మాత్రం కాయ మీద ఉండేది కాదు, వీధిలో ఎవరు ఎక్కడికి పోతున్నారో చూస్తూ ఉండేది. ముడతగింజ, పగిలిన గింజ, పుచ్చు గింజ వేళ్ళకే తెలిసిపోయేవి. అవి ఇంకో గిన్నెలోకి, ఊరిబిండికి, అంటే చెనక్కాయ పచ్చడికి. పొట్టు పొయ్యిలోకి.

మా విత్తనం అయిపోయాక వేరేవాళ్ళవి కూలికి వలిచేది. పడి కొలతకు ఇంత అని ఇచ్చేవాళ్ళు. మూడో నాలుగో రోజుకు వేలి కొస పగిలి నెత్తురు వచ్చేది. పాత చీర అంచు చింపి చుట్టుకుని మళ్ళీ కూర్చునేది. కొందరు ఆడవాళ్ళు పళ్ళతో కొరికి వలిచేవాళ్ళు. జేజికి అది నచ్చదు. "పండ్లు పోతే సంగటి ఎట్ల తింటావు మేయ్" అనేది వాళ్ళను. సంగటికి పళ్ళతో పనేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

జేజి వయసెంతో ఎవరికీ సరిగ్గా తెలీదు. "ఆంధ్ర రాష్ట్రం కర్నూల్లో పెట్టిరి కదా, ఆ పైన ఎండాకాలం నా పెండ్లి" అనేది. రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబరు 1న. అంటే పెళ్ళి 1954 వేసవిలో. అప్పటికి పావడ మానేసి చీర కట్టడం మొదలుపెట్టి ఏడాదైనా కాలేదట. పదమూడో పద్నాలుగో ఉంటాయి. కాబట్టి 1940 ప్రాంతంలో పుట్టి ఉండాలి. ఆధార్ కార్డులో మాత్రం 1945 జనవరి 1 అని ఉంది. మా ఊళ్ళో ముసలివాళ్ళు సగం మంది జనవరి ఒకటినే పుట్టారు.

ఆమె క్యాలెండరంతా ఇట్లాంటిదే. 'రెండు రూపాయల బియ్యం వచ్చిన ఏడు' అంటే 1983. అంతకుముందు మా ఇంట్లో వరన్నం పండగకే అట, మిగతా రోజుల్లో సంగటి, జొన్నరొట్టె, అంబలి. 'రామారావు హిందూపురంలో నిలబడిన ఏడు' అంటే 1985. ట్రాక్టరెక్కి పోయి చూసొచ్చిందట. ఏమి మాట్లాడాడో గుర్తు లేదు, "శానా ఎర్రగుండాడు" అన్నది మాత్రం గుర్తుంది. మా అబ్బ, అంటే తాత, పోయిన సంవత్సరానికి ఇట్లాంటి పేరేమీ పెట్టుకోలేదు. జ్వరంతో నాలుగు రోజుల్లో పోయాడు. అప్పటి నుంచి వితంతు పింఛను, మొదట్లో నెలకు డెబ్బై ఐదు రూపాయలు.

ఆమె దేవతేమీ కాదు. నూనె విషయంలో పరమ పిసినారి. గిన్నెలో వేలు ముంచి పెనానికి రాస్తే దోసె వచ్చేయాలి. మా అమ్మతో రోజూ ఏదో ఒక పేచీ. మనవళ్ళకు ఒక ముద్ద ఎక్కువ పెట్టేది, అడిగితే "మగపిల్లోడు కదా" అని నవ్వేది. నాకు ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండేది. అన్నింటికన్నా పెద్దది జేజి కూతురు, మా అత్త చదువు. నాయనను కదిరిలో హాస్టల్లో పెట్టి చదివించింది. అత్తను ఐదో తరగతిలోనే మాన్పించింది. ఇంట్లో చిన్నపిల్లాడు, చేలో కలుపు, రోహిణిలో విత్తనం. ఒక జత చేతులు ఎక్కువ కావాల్సి వచ్చింది, అంతే.

నేను రెసిడెన్షియల్ స్కూలుకు పోయాక ప్రతి వేసవికీ ఊరికి వచ్చేదాన్ని. రాగానే జేజి నా చేతులు రెండూ పట్టుకుని తిప్పి తిప్పి చూసేది. మధ్యవేలి మీద పెన్ను పట్టుకునే చోట చిన్న కాయ కట్టి ఉండేది. దాన్ని తడిమి తృప్తిగా తలూపేది. నేను చాట ముందుకు లాక్కుని కాయ వలవబోతే మాత్రం చెయ్యి తోసేసేది.

"రాసుకునే వేళ్ళు అవి. చెడగొట్టుకోవాకు. పో, పుస్తకం తీసుకో పో."

ఒకసారి అట్లా అన్నప్పుడు అత్త అక్కడే ఉంది. విత్తనం వలవడానికి సాయం వచ్చింది, వాళ్ళ ఊరు మాకు రెండు మైళ్ళే. చేతిలో కాయ పగలగొడుతూనే, తలెత్తకుండా అడిగింది: "నా వేళ్ళు మాత్రం రాసుకునేవి కాకపాయనా అమ్మా?"

జేజి ఏమీ అనలేదు. ఎదురు చెప్పకుండా ఊరుకోవడం ఆమెకు తెలీదు. ఆ రోజు మాత్రం చీకటి పడేదాకా టప్ టప్ శబ్దమే, ఇద్దరిదీ. నాకు పదమూడేళ్ళు అప్పుడు. పుస్తకం తెరిచాను గానీ ఒక్క లైనూ ఎక్కలేదు.

దానికి మూడేళ్ళ ముందు సంగతి ఒకటి చెప్పాలి. 2000వ సంవత్సరం ఖరీఫ్‌లో జిల్లా అంతటా చెనక్కాయకు వైరస్ తెగులు తగిలింది, కాండం కుళ్ళిపోయేది. రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతిన్నది. మా ఐదెకరాల్లోనూ మొక్కలు పైనుంచి కిందికి నల్లబడి ఎండుకుపోయాయి. జేజి చేలో గట్టు మీద కూర్చుని ఒక మొక్క పెరికి, వేరు దులిపి, బొటనవేలితో కాండం నొక్కి చూసింది. గట్టిగా ఉండాల్సిన చోట మెత్తగా ఉంది. మొక్కను పక్కన పెట్టి ఇంకోటి పెరికింది. అట్లా సాలంతా పోయింది. కేకలు పెట్టలేదు, ఏడవలేదు. కాయ లేకపోయినా పశువుల మేతకు చెనక్కాయ కట్టె అన్నా దక్కుతుందా అని చూస్తోందని నాయన తర్వాత చెప్పాడు. ఆ ఏడు ఎనుములు రెండూ సంతకు పోయాయి.

తర్వాత వ్యవసాయ శాఖ వాళ్ళు వచ్చి చెప్పారు. ఆ వైరస్ వయ్యారిభామ మొక్కలో దాగుంటుందట. దాని పుప్పొడిని తామరపురుగులు చెనక్కాయ మొక్కకు చేరుస్తాయట. గట్ల మీద ఆ కలుపు పీకేయమన్నారు, చేను చుట్టూ జొన్న సాళ్ళు వేయమన్నారు. జొన్న మాట వినగానే జేజి "మేము ఎప్పుడూ అక్కిడి సాళ్ళు ఏస్తాంటిమి కదా, మీరే కదప్పా అన్నీ ఒకటే పంట ఏయమని చెప్తిరి" అని నిలదీసింది. అక్కిడి సాళ్ళంటే చేలో మధ్యమధ్య వేసే వేరే పంట వరుసలు. అధికారి నవ్వేసి ఇంకో ఇంటికి పోయాడు.

ఆ రోజు నుంచి వయ్యారిభామ కనబడితే చాలు, జేజి ఊరుకునేది కాదు. మా గట్టు, పక్కవాళ్ళ గట్టు, బడి ప్రహరీ, పీర్లచావిడి వెనకాల, ఎక్కడున్నా పెరికేసేది. కదిరి నరసింహస్వామి తేరుకు పోయినప్పుడు కూడా అంతే. ఊరంతా జనం, తేరు మీదకు దవనం, మిరియాలు విసురుతూ గోవింద కొడుతుంటే ఈమె బస్టాండు గోడవారన వంగి వయ్యారిభామ పీకుతోంది. "అవ్వకు ఏమన్నా అయిందా?" అని ఎవరో నన్నే అడిగారు. తెలిసినదాన్ని కానన్నట్టు రెండడుగులు పక్కకు జరిగాను. ఆ ఆకు తగిలి ఆమె చేతులకు దద్దుర్లు వచ్చేవి. బొటనవేలికి మాత్రం ఏమీ అయ్యేది కాదు, అక్కడ దురద పట్టే చర్మమే లేదు.

ఇక రేషన్ మిషను కథ. 2015లో చౌకదుకాణాల్లో వేలిముద్ర మిషన్లు పెట్టారు. వేలు పెడితే పేరు వస్తుంది, బియ్యం ఇస్తారు. జేజి పెట్టింది. రాలేదు. గుడ్డతో తుడిచి పెట్టమన్నారు. రాలేదు. పది వేళ్ళూ అయ్యాయి. వెనక వరుసలో గొణుగుడు. డీలరు "వచ్చే నెల రా అవ్వా" అన్నాడు, బియ్యం ఆయన సొంతం అన్నట్టు. ఇంటికొచ్చి చేతికి ఆముదం రాసుకుంది, నిమ్మకాయ రుద్దుకుంది, ఎవరెవరు ఏది చెబితే అది చేసింది. రెండో నెలా అంతే.

ఆ నెల నేను బెంగళూరు నుంచి వచ్చి ఉన్నాను. మా ఆఫీసులోనూ హాజరుకు అట్లాంటి మిషనే. పొద్దున బొటనవేలు పెడితే ఒక్కసారికే పచ్చలైటు వెలుగుతుంది. జేజితో పాటు నేనూ దుకాణానికి పోయాను. గొడవ పెట్టుకుందామనే పోయాను. చివరికి ఊరి రెవెన్యూ అధికారి, వీఆర్వో, వచ్చి తన వేలు పెడితే గానీ బియ్యం రాలేదు. జేజి సంచి విప్పి పట్టుకుంటూ, ఆయన వేలినే చూస్తూ అంది: "ఊరందరి కాయలు వలిచేకి నా వేలు కావాల. నా బియ్యానికి ఆయప్ప వేలు కావాల. ఏం లెక్క పాపా ఇది?"

వీఆర్వో కూడా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. గొడవ కూడా పెట్టుకోలేదు. అందరూ తప్పు మిషనుది అంటున్నారు, మిషనుతో ఏమని కొట్లాడతాం?

2017లో ఒకరోజు పొద్దున్నే జేజి తలస్నానం చేసి, పెట్టెలోని చీర కట్టుకుని, "కదిరికి పోవాల, ఆటో పిలువు" అంది నాయనతో. ఎందుకంటే చెప్పలేదు. ఆమె పేరుతో రెండెకరాలు ఉంది. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన డబ్బుతో అబ్బ కొన్నది. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్ళేసరికి అత్త, ఆమె కొడుకు అక్కడ కూర్చుని ఉన్నారు. దస్తావేజులు రాసే అతనితో జేజి అన్నీ ముందే మాట్లాడుకుని పెట్టింది. దానపత్రం, కూతురి పేరున. నాయన కాసేపు మౌనంగా ఉండి సాక్షి సంతకం పెట్టాడు. చిన్నాయన తర్వాత ఆరేడు నెలలు జేజితో మాట్లాడలేదు, అది వేరే కథ.

నేను అక్కడ లేను, నాయన చెప్పిందే చెబుతున్నా. గుమాస్తా జేజి బొటనవేలికి సిరా పూసి కాగితం మీద అద్దాడు. నల్లటి బొట్టు పడింది, గీతలు లేవు. "గట్టిగా అదమొద్దు అవ్వా" అని మళ్ళీ అద్దించాడు. మళ్ళీ బొట్టే. ఎడమచేతిదీ అంతే. ఆయన చిరాకుపడి "ఏమవ్వా, నీకు వేలిముద్రలే లేవా?" అన్నాడట.

"నేనేమన్నా దొంగదాన్నా నాయనా, గీతలు చూసి పట్టుకునేకి?" అందట జేజి.

పక్క వరుసల్లో వాళ్ళంతా నవ్వారట. సాక్షులు ఉన్నారు కదా అని కానిచ్చేశారు. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో అత్త ఏడుస్తూ కూర్చుంటే జేజి "చెనక్కాయ ఒక్కటే ఏయొద్దు, రెండు సాళ్ళు కంది ఏయి" అని చెప్పిందట. అత్త చదువు గురించి గానీ, అరుగు మీద ఆ రోజు గురించి గానీ ఒక్క మాట లేదు. ఆ రెండెకరాలు ఎందుకు ఇచ్చావు అని నేను తర్వాత అడిగితే "నా ఇష్టం" అంది.

2019 జూలైలో పోయింది. పునర్వసు కార్తె. ఊళ్ళో ఇంకా విత్తనాలు పడలేదు. రాత్రి అంబలి తాగి పడుకుంది, పొద్దున లేవలేదు. నేను బెంగళూరు నుంచి బస్సు దిగేసరికి అరుగు నిండా ఆడవాళ్ళు. ఎవరింట్లో చూసినా కాయలు సగం వలిచి వదిలేసి వచ్చినట్టున్నారు, చాలామంది వేళ్ళకు గుడ్డ పీలికలు చుట్టే ఉన్నాయి. అత్త నీళ్ళు పోస్తూ జేజి చేతివేళ్ళు ఒక్కొక్కటే రుద్ది కడిగింది. పెద్దావిడ ఎవరో "చాలు లేమ్మా, పొద్దు పోతాంది" అనేదాకా కడుగుతూనే ఉంది.

అడిగారు కాబట్టి తిండి గురించి కూడా ఒక ముక్క. బెంగళూరులో ఎక్కడ చూసినా రాగిముద్ద దొరుకుతుంది. గుండ్రంగా, నున్నగా, బంతిలా ఉంటుంది. బాగుంటుంది కూడా. జేజి సంగటి అట్లా ఉండేది కాదు. నూకలు ఉడికాక రాగిపిండి పోసి, మూతపెట్టి, కట్టెతో ఎనిపి, చెయ్యి తడి చేసుకుని ముద్ద చేసి పళ్ళెంలో వేసేది. వేశాక బొటనవేలితో నడిమధ్యన ఒక గుంత నొక్కేది. పొగలు కక్కే సంగటిలో వేలు పెట్టినా కాలేది కాదు ఆమెకు. ఆ గుంతలో ఊరిబిండి, పైన చుక్క నెయ్యి. నెయ్యి మాత్రం పిసినారితనం లేకుండా వేసేది, నూనె లెక్క వేరు, నెయ్యి లెక్క వేరు.

పోయిన మే నెలలో అత్త వాళ్ళింటికి పోయాను. రాయితీ మీద తెచ్చిన కదిరి-6 రకం విత్తనపు కాయలు అరుగు మీద పోసుకుని వలుస్తోంది. దగ్గర కూర్చుని చాట లాక్కున్నాను. తోసేస్తుందేమో అని చూశాను. అత్త ఏమీ అనలేదు, ఒక గుప్పెడు కాయలు నా ముందుకు నెట్టి "కొసన నొక్కు, నడుమ కాదు" అంది. రెండు గంటలు వలిచాను. ఆమె మూడు పడులు వలిచేలోపు నాది ఒక పడి కూడా నిండలేదు, అందులోనూ సగం బద్దలు. సాయంత్రానికి వేలు ఎర్రగా వాచి కొసన బొబ్బ లేచింది. రాత్రికి సంగటి చేసింది. గుంత తీసేటప్పుడు చూశాను, ఆమె వేలూ జేజి వేలిలాగే నున్నగా ఉంది. రేషన్ ఎట్లా ఇస్తున్నారు అత్తా అని అడిగితే "ఇప్పుడు కన్ను చూస్తారు లే" అంది.

సోమవారం ఆఫీసులో మిషను మీద బొటనవేలు పెట్టాను. ఎర్రలైటు వచ్చింది. తుడుచుకుని మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఎరుపే. వెనక నలుగురు నిలబడ్డారు. సెక్యూరిటీ ఆయన "వేరే వేలు పెట్టండి మేడమ్" అన్నాడు.